ఉరవడిలో రాయిని వదలని తోకకప్ప

పోయిన సంచికలో గోదురుకప్ప గుడ్ల గురించి రాశాను. నల్లపూసలు గుచ్చిన జిగురు తాళ్ళలా అవి నీటిమొక్కలకు చుట్టుకుని ఉంటాయని, వాటిలోంచి వచ్చిన నల్లటి తోకకప్పలు చెరువు వారన గుంపులుగా తిరుగుతాయని చెప్పాను. (కొన్ని ఊళ్ళలో వీటినే బోదురుకప్పలంటారు. ఒంటినిండా పొక్కులుండి, గెంతడంకన్నా ఎక్కువగా నడిచే కప్ప అనుకోండి.) దానిమీద చాలా ఉత్తరాలొచ్చాయి. వాటిలో పాడేరు వైపునుంచి వచ్చిన ఒక ఉత్తరం నన్ను వారం రోజులు వదల్లేదు. ఈసారి ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను ఏజెన్సీలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మీరు రాసింది పిల్లలకు చదివి వినిపించి, తోకకప్పల్ని చూపిద్దామని బడి వెనక గెడ్డకు (కొండవాగుకు) తీసుకెళ్ళాను. ఉరవడిగా పారేచోట ఒక పిల్లాడు రాయి ఎత్తాడు. వేలెడు పొడవున్న నల్లటి ప్రాణి ఆ రాయికే అంటుకుని ఉంది. రాయి వంచినా, దోసిలితో నీళ్ళు కొట్టినా జారలేదు. పిల్లలంతా తోకకప్పే అన్నారు, నాకు నమ్మకం కుదరలేదు. ఫోటో పంపుతున్నాను. అసలు గోదురుకప్ప పిల్లలు ఇలా రాళ్ళకు అంటుకుని బతుకుతాయా? (ఒక ఉపాధ్యాయిని, అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: అమ్మా, ముందు ఫోటో సంగతి. మీ అనుమానమే నిజం. అది చేప. ఫోటోను పెద్దది చేసి చూడండి. మూతి దగ్గర పొట్టి మీసాలున్నాయి. పక్కల ఉన్న రెక్కల్లో విసనకర్ర పుల్లల్లా గీతలున్నాయి, ఒంటిమీద పొలుసులున్నాయి. ఈ మూడూ తోకకప్పకు ఉండవు. తోకకప్ప తోకకు పైనా కిందా ఉండేది ఉత్త పొర, అందులో పుల్లలుండవు. మీ పిల్లలు చూసినది గర్రా అనే జాతి చేప. దాని గడ్డం కింద, కింది పెదవి వెనక, గుండ్రటి మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. దానితోనే రాయిని పట్టుకుంటుంది. మళ్ళీ దొరికితే తడి అరచేతిలో ఒక్క క్షణం వెల్లకిలా తిప్పి ఆ బిళ్ళను పిల్లలకు చూపించి, వెంటనే నీళ్ళలో వదిలేయండి.

ఇక మీ రెండో ప్రశ్న. దానికి జవాబు అవును. గోదురుకప్పల కుటుంబంలోనే, కొండవాగుల ఉరవడిలో రాయిని పట్టుకుని పెరిగే పిల్లలున్న జాతులున్నాయి. మన గెడ్డల్లో కాదు. బోర్నియో, మలయా అడవుల్లో ఆన్సోనియా అనే వాగు గోదురుకప్పలున్నాయి. అట్లాంటిక్ అవతల కోస్టారికా నుంచి బొలీవియా దాకా అటెలోపస్ అనేవి ఉన్నాయి. ఆఫ్రికాలో కామెరూన్ కొండల్లో వెర్నేరియా ఉంది. వీటిలో నేను కళ్ళారా చూసింది ఆన్సోనియాను. అది చెప్తాను.

మా అల్లుడు ఉద్యోగరీత్యా బోర్నియో దీవిలోని సరవాక్‌లో, కూచింగ్ ఊళ్ళో రెండేళ్ళున్నాడు. నేనూ మా ఆవిడా అక్కడ నెల రోజులు ఉన్నాం. ఊరికి దగ్గర్లోనే కుబా నేషనల్ పార్క్ ఉంది. కప్పల మాస్టారినని అల్లుడు ముందే చెప్పి ఉంచాడేమో, మాతో వచ్చిన గైడు పెద్ద జలపాతం దారి వదిలి, మోకాలి లోతు కూడా లేని ఒక వాగు దగ్గర ఆపాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున బూడిదరంగు గుండ్రాళ్ళు. నాకు రాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. నీటిపైన అలలు మెరుస్తుంటే లోపలున్నది కంటికి ఆనదు. అప్పుడు ఆ కుర్రాడు సంచీలోంచి స్వీట్లు అమ్మే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసి, దాని అడుగును నీటిమీద ఆనించి, లోపలికి చూడమన్నాడు. డబ్బా అడుగు నీటిని తాకినచోట అలలు పోయి, లోపలంతా గాజుపెట్టెలో పెట్టినట్టు కనబడింది. ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పాను, ఈ ఉపాయం నాకు తెలియదు.

అప్పుడు కనబడ్డాయి. రాయికి ఎగువ వైపు, నీరు నేరుగా వచ్చి కొట్టేచోట, నల్లటి చుక్కల్లా ఏడో ఎనిమిదో. తోకతో కలిపి ఒక్కోటి నా చిటికెనవేలి గోరుకు రెండింతలు ఉంటుందేమో. తలలన్నీ ప్రవాహానికి ఎదురుగానే ఉన్నాయి. నీరు వాటిమీదుగా దూకి పోతోంది, అవి మాత్రం కదలడం లేదు. ఒకదానిమీదే చూపు నిలిపాను. కాసేపటికి దాని పైపెదవి ముందుకు కొద్దిగా జరిగి మళ్ళీ అంటుకుంది. వెనకే ఒళ్ళు జరిగింది. మళ్ళీ పెదవి, మళ్ళీ ఒళ్ళు. అది నడిచిన మేర రాతిమీది పాచిలో సన్నటి తెల్లటి చార పడింది. అంటే పట్టుకోవడం, నడవడం, తినడం మూడూ నోటితోనే జరుగుతున్నాయి. మోకాళ్ళు నొప్పెట్టేదాకా అలాగే వంగి చూశాను. మా ఆవిడ రెండుసార్లు పిలిచిందట, నాకు వినబడలేదు.

ఇప్పుడు మన చెరువు గోదురుకప్ప పిల్లను దాని పక్కన పెట్టి ఆలోచించండి. రెండూ ఒకే కుటుంబం. చెరువు పిల్ల ఒళ్ళు గుండ్రంగా, ఉబ్బిన సెనగగింజలా ఉంటుంది. నోరు చిన్నది, మూతి చివర కిందివైపుకు ఉంటుంది. తోక పొర పలుచగా ఉంటుంది, ఎక్కడికీ తొందర లేనట్టు ఈదుతుంది. అదే వాగు పిల్లకు పొట్టవైపు చదునుగా ఉంటుంది, రాయిమీద బోర్లా పెట్టిన చెంచాలాగ. నోరు పూర్తిగా అడుగుకి వచ్చి, పెదవులు వెడల్పై పళ్ళెంలా విచ్చుకుని ఉంటాయి. తోకలో కండ ఎక్కువ, దాని పైనా కిందా ఉండే పొర ఎత్తు తక్కువ. ఎత్తుగా ఉంటే తెరచాపలా నీటి దెబ్బంతా దానికే తగులుతుంది.

ఒళ్ళు చదునుగా ఉండటంలో ఇంకో లాభం ఉంది. ఎంత ఉరవడి వాగైనా రాతిని ఆనుకున్న పలుచటి పొరలో నీటి వేగం తగ్గిపోతుంది, రాతి రాపిడి దాన్ని ఆపుతుంది. రాతికి ఎంత అణిగి ఉంటే అంత నెమ్మది నీటిలో ఉన్నట్టు. ఒంట్లో పైభాగానికి ప్రవాహం తగిలినా, తోసుకుపోయేంత దెబ్బ తగలదు.

నోటి లోపలి సంగతి చెప్పకుండా వదలలేను. నా పాఠాల్లో పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలడిగింది దీనిమీదే. తోకకప్పకు మనలా ఎముక పళ్ళుండవు. నోటి మధ్యలో చిలకముక్కులాంటి నల్లటి దవడ తొడుగులు రెండు ఉంటాయి. వాటి చుట్టూ పెదవులమీద దువ్వెన పళ్ళలా సన్నటి పళ్ళ వరసలుంటాయి. గోదురుకప్పల పిల్లల్లో మామూలుగా పైపెదవిమీద రెండు వరసలు, కిందిపెదవిమీద మూడు. ఇవన్నీ కెరటిన్‌తో తయారైనవి, మన గోళ్ళూ వెంట్రుకలూ దేనితో తయారవుతాయో దానితోనే. అరిగిపోతే కిందినుంచి కొత్తది వస్తుంది. వరసల్లోని పళ్ళు రాతిమీది పాచిని పట్టి గోకుతాయి, దవడ తొడుగులు కోస్తాయి. ఆ పాచి అంటే మనం జారిపడే దట్టమైన ఆకుపచ్చ నాచు కాదు. రాయిమీద వేలితో రాస్తే జిగటగా తగిలే పలుచటి పొర. అందులో డయాటమ్‌లనే కంటికి కనబడని శైవలాలు, సూక్ష్మజీవులు ఉంటాయి. ఈ కెరటిన్ మాట గుర్తుంచుకోండి, కింద పనామా ప్రశ్న దగ్గర మళ్ళీ వస్తుంది.

ఊపిరి సంగతి కూడా ఉంది. మామూలు కప్పల పిల్లలు చాలావరకు మొప్పలతోపాటు ఊపిరితిత్తులూ పెంచుకుంటాయి, అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలి మింగుతాయి. గోదురుకప్పల పిల్లలకు మాత్రం రూపం మారే సమయం దగ్గరపడేదాకా ఊపిరితిత్తులు ఉండవు. చెరువులోనైనా అంతే. వాగులో ఇది మంచి వరమే. కడుపులో గాలిబుడగ ఉంటే ఒళ్ళు తేలుతుంది, పట్టు తప్పుతుంది. పైకి లేచి గాలి మింగబోతే పది గజాల దిగువన తేలుతుంది. చల్లగా, రాళ్ళమీద చిమ్ముతూ పారే నీటిలో ప్రాణవాయువు పుష్కలం, మొప్పలే సరిపోతాయి.

వాగంతా ఒకటే ఇల్లు అనుకోకండి. అదే బోర్నియో వాగులో, ఈ గుండ్రాళ్ళకు పది అడుగుల పక్కన, నీరు ఆగినట్టుండే చిన్న మడుగులో కొమ్ముకప్ప పిల్లలుంటాయి. వాటి నోరు గరాటులా పైకి తెరుచుకుని, నీటిపై తేలే నలుసుల్ని తింటుంది. ఒకటి రాతిని గోకి బతుకుతుంది, ఇంకొకటి నీటిపొర మీద బతుకుతుంది. నీటి వేగం మారితే నోరు మారుతుంది. వాగులో ఏ మూల దొరికిందో చెప్పకుండా తోకకప్పను సీసాలో తెచ్చి పేరడిగితే, చిరునామా లేని ఉత్తరం తెచ్చినట్టే.

ఇక్కడే నా మనసులో మాట చెప్పాలి. ఆ పిల్లకు ఇల్లూ, అన్నమూ, పట్టూ అన్నీ ఒకటే: శుభ్రమైన రాయి. ఎగువన అడవి కొట్టి రోడ్డు వేస్తే, ఒక్క వానకు ఎర్రమట్టి కొట్టుకొచ్చి రాళ్ళమీద పేరుకుంటుంది. నీళ్ళు నాలుగు రోజుల్లో తేరుకుంటాయి, చూసేవాళ్ళకు వాగు బాగానే ఉన్నట్టుంటుంది. కానీ రాతిమీద మన్ను మేట వేసింది. పెదవి అంటుకోదు. పాచికి ఎండ అందదు. రాళ్ళ సందులు పూడిపోతాయి. కలప కోసం కొట్టిన బోర్నియో అడవుల్లో వాగు కప్పలకు ముందుగా దెబ్బ తగిలేది ఇలాగే.

మన గెడ్డల్లో ఆన్సోనియా లేదు, నిజమే. కానీ మీ గర్రా చేపకు కావలసింది కూడా ఆ శుభ్రమైన రాయే. పోయిన డిసెంబరులో అరకు వైపు ఒక గెడ్డకు వెళ్ళాను. నేను ఏటా కూర్చునే చోటే. విహారానికి వచ్చినవాళ్ళు ప్రవాహంలో రాళ్ళన్నీ ఏరి ఒకదానిమీద ఒకటి గోపురాల్లా పేర్చి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. లెక్కపెట్టాను, నలభైమూడు గోపురాలు. పైనున్న రాయి ఒకటి తీసి తిప్పి చూస్తే, ఒకప్పుడు కిందివైపు ఉన్న ముఖాన నీటిపురుగుల గూళ్ళు ఎండి అతుక్కుని ఉన్నాయి. వాళ్ళకు తెలిసి చేసింది కాదు. తెలిస్తే చేయరనే నా నమ్మకం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఆ మధ్యాహ్నమంతా నేనూ, అక్కడి టీ కొట్టు అబ్బాయీ కలిసి రాళ్ళను నీటిలోకి దించాం. అన్నీ కాలేదు.

ప్రశ్న: మేము పేరాక్‌లో ఉంటాం. మా తాతగారి కాలంలో రబ్బరు తోటలకు వచ్చిన కుటుంబం. ఇక్కడ కొండమీది జలపాతం కింద, నిట్టనిలువు బండమీద నీళ్ళు కారుతున్నచోట తోకకప్పలు అంటుకుని కనబడ్డాయి. ఇవి గోదురుకప్ప పిల్లలేనా? (మలేషియా)

జవాబు: అయ్యా, పేరాక్ నుంచి తెలుగులో ఉత్తరం రావడం నాకు పండగ. నిట్టనిలువు బండ, మీదినుంచి కారే నీళ్ళు అన్నారు కనుక, నా అంచనా ఇంకో జాతిమీద ఉంది. మీ లరుత్ కొండల పేరుతోనే ఉన్న అమోలోప్స్ లరుటెన్సిస్ అనే జలపాతపు కప్ప. ఇది గోదురుకప్ప కాదు, మామూలు కప్పల కుటుంబంలోది. దీని పిల్లకు నోటి వెనక, పొట్టమీద, ఒక పెద్ద గుండ్రటి అతుకుబిళ్ళ ఉంటుంది. ఆన్సోనియా పిల్లకు అది ఉండదు, పట్టంతా పెదవులదే. కాబట్టి అడుగువైపు చూస్తేగాని ఖాయంగా చెప్పలేం. బండమీద ఉన్నదాన్ని గీకి తీయకండి, చర్మం చిరుగుతుంది. దాని వెనకనుంచి అరచేయి అడ్డంపెట్టి, ముందునుంచి మెల్లగా వేలితో తడితే తనే పట్టు వదిలి చేతిలోకి వస్తుంది. ఒక చిన్న గాజుపెట్టెలో అదే నీళ్ళు పోసి వదిలితే గోడకు అంటుకుంటుంది. అప్పుడు బయటినుంచి పొట్ట చూసి, ఫోటో తీసి, తెచ్చినచోటే వదిలేయండి.

మీరు ఆన్సోనియాకు కూడా దగ్గర్లోనే ఉన్నారు. ఈ ఆన్సోనియా పేరును 1870లో స్టోలిచ్కా అనే శాస్త్రవేత్త పెట్టింది మీకు పక్కనే ఉన్న పెనాంగ్ కప్పకే. మన పాత పుస్తకాల్లో కొడగు కొండల వాగు గోదురుకప్పను కూడా ఆన్సోనియా అనే రాసేవారు. 2009లో దాన్ని వేరుచేసి ఘటోఫ్రైన్ అని పేరు పెట్టారు. పడమటి కనుమల్లో వేరే శాఖ అది.

అమోలోప్స్ జాతులు మనదేశంలోనూ ఉన్నాయి, సిక్కిం, మేఘాలయ, అరుణాచల్ జలపాతాల్లో. అక్కడ పనిచేసే మన తెలుగు జవాన్లెవరైనా ఈ పేజీ చదువుతుంటే, ఒకసారి తడిబండల మీద చూసి నాకు రాయండి.

ప్రశ్న: తాతగారూ, పొట్టమీద బిళ్ళ ఎలా అంటుకుంటుంది? జిగురు ఉంటుందా? నోరు రాయికి అంటుకుంటే ఊపిరి ఎలా పీలుస్తుంది? కప్ప అయ్యాక ఆ బిళ్ళ ఏమవుతుంది? (ఎనిమిదో తరగతి విద్యార్థిని, రాజాం)

జవాబు: మంచి ప్రశ్నలు తల్లీ, మూడూ. మీ ఇంట్లో స్నానాలగది టైలుకు అంటించే రబ్బరు హుక్ ఉందా? దాన్ని కొంచెం తడిచేసి నొక్కి చూడు. అంచు టైలుకు అతుక్కుంటుంది, మధ్యభాగం పైకి లేవాలని చూస్తుంది. లోపల పీడనం తగ్గుతుంది, బయటి పీడనం హుక్‌ను గోడకేసి నొక్కుతుంది. తోకకప్ప బిళ్ళదీ అదే లెక్క. మెత్తటి తడి అంచు రాతి గరుకులోకి ఒదిగి సందు లేకుండా మూస్తుంది, లోపలి కండరాలు మధ్యభాగాన్ని పైకి లాగుతాయి. ఆ కండరాలు సడలిస్తే పట్టు వదులుతుంది. రబ్బరు హుక్ అంచుకింద చిటికెడు ఇసుక వేసి మళ్ళీ అంటించి చూడు. పడిపోతుంది. రాతిమీద మన్ను మేట వేస్తే తోకకప్పకు ఏమవుతుందో నీకు అక్కడే తెలుస్తుంది.

ఊపిరి సంగతి. తోకకప్ప నీళ్ళను లోపలికి తీసుకుని, మొప్పలమీదుగా పంపి, ఎడమపక్కన ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికి వదులుతుంది. దాని ముక్కు రంధ్రాలు నోట్లోకి తెరుచుకుంటాయి, నీరు ఆ దారిన కూడా లోపలికి వెళ్ళగలదు. పొట్టబిళ్ళ ఉన్నవాటికి ఇంకా సుఖం. పట్టు పని బిళ్ళది, నోరు తిండికి ఖాళీగా ఉంటుంది.

ఇక మూడోది. మొదట వెనక కాళ్ళు మొలుస్తాయి. ముందు కాళ్ళు కూడా పెరుగుతుంటాయి కానీ మొప్పల గది మూతకింద దాగి ఉంటాయి, ఒకరోజు చర్మం చీల్చుకుని బయటికి వస్తాయి. ఆ రోజుల్లోనే పళ్ళ వరసలు రాలిపోతాయి, చిలకముక్కు ఊడిపోతుంది, నోరు వెడల్పవుతుంది, బిళ్ళ కరిగి ఒంట్లో కలిసిపోతుంది. పాచి తినడానికి చుట్టలుచుట్టుకున్న పొడుగు పేగు కురచవుతుంది, ఎందుకంటే ఇకనుంచి అది తినేది పురుగుల్ని. తోక చివరికి పోతుంది. కప్ప పిల్లకు అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజులివే. పట్టుకోవడానికి బిళ్ళా లేదు, గట్టిగా గెంతడానికి కాళ్ళకు బలమూ చాలదు. కప్ప ఎదుగుదలను గాస్నర్ అనే ఆయన 1960లో 46 దశలుగా లెక్కగట్టాడు. శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆ లెక్కే వాడతారు. నువ్వు మీ ఊరి చెరువు తోకకప్పల్ని చూసి రోజుకో బొమ్మ గీయి, కాళ్ళు ఎప్పుడొచ్చాయో తేదీ వేసుకో.

ప్రశ్న: పనామా బంగారు కప్ప అంతరించిందని ఒకచోట, జంతుప్రదర్శనశాలల్లో ఉందని ఒకచోట చదివాను. ఏది నిజం? జబ్బువల్ల అంటున్నారు, మరి తోకకప్పలకు రాదా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: రెండూ ఒకే కథలో భాగాలు. పేరుకు బంగారు కప్ప అయినా అది గోదురుకప్పల కుటుంబంలోదే, అటెలోపస్ జెటెకి. పనామాకు అది జాతీయ చిహ్నంలాంటిది, ఆగస్టు 14న దానికి ఒక రోజు కూడా ఉంది. ఎల్ వాయె దె అంతోన్ అనే ఊరి చుట్టుపక్కల కొండవాగులు దాని ఇల్లు. ఆ ఊరు ఆరిపోయిన అగ్నిపర్వతపు గిన్నెలో ఉంటుంది. వాగు హోరులో కూత సరిగా వినబడదు కనుక ఈ కప్పలు చేయి ఊపి ఒకదానికొకటి సైగ చేసుకుంటాయి. ఆడకప్ప రాళ్ళమధ్య నీటిలో గుడ్ల దండను అతికిస్తుంది. పిల్లలకు పొట్టమీద అతుకుబిళ్ళ ఉంటుంది. నేను పైన చెప్పిన జలపాతపు కప్ప పిల్లకు ఉన్నలాంటిదే. వేరే ఖండం, వేరే కుటుంబం, ఒకదాన్ని చూసి ఇంకొకటి నేర్చుకున్నది కాదు. నీటి ఉరవడికి రెండుచోట్లా దొరికిన జవాబు ఒకటే. నేను దీన్ని క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకే ఒళ్ళు జలదరించేది.

జబ్బు సంగతి. కైట్రిడ్ అనే నీటి శిలీంధ్రం, దానికి పేరుపెట్టింది 1999లో. అది పట్టేది కెరటిన్ ఉన్న చర్మాన్ని. పెద్ద కప్పకు ఒళ్ళంతా కెరటిన్ ఉన్న పైపొరే. కప్ప చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, ఒంట్లో ఉప్పుల సమతూకం కూడా చర్మమే చూస్తుంది. ఆ చర్మం పాడైతే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగుతుంది. మరి తోకకప్పకు కెరటిన్ ఎక్కడుంది? పైన చెప్పాను, నోటిలోనే, పళ్ళ వరసల్లోనూ చిలకముక్కులోనూ. కాబట్టి జబ్బు దాన్ని నోటిదగ్గరే పడుతుంది. పళ్ళు రాలితే తిండి సరిగా తినలేదు, అయినా చాలావరకు వెంటనే చనిపోదు. రాతిమీద పాచి గోకుతూ శిలీంధ్రాన్ని మోస్తూ ఉంటుంది. తోక పోయి చర్మం పెద్ద కప్ప చర్మంగా మారే రోజుల్లో అది ఒళ్ళంతా పాకుతుంది. వాగులో తోకకప్పలు కనబడుతున్నాయి కదా, పరవాలేదులే అనుకున్నచోట కూడా పిల్లకప్పలు మిగలకపోవడానికి ఇదొక కారణం. చల్లటి తేమ కొండలు ఈ శిలీంధ్రానికి బాగా పడతాయి, వాగు గోదురుకప్పలుండేదీ అక్కడే.

2006లో జబ్బు ఎల్ వాయె దాకా వచ్చింది. అక్కడివాళ్ళు కప్పల్ని వాగుల్లోంచి తెచ్చి, వాటికోసం కడుతున్న భవనం పూర్తికాకపోవడంతో, ఒక హోటల్ గదుల్లో గాజుపెట్టెల్లో పెట్టి కాపాడారు. ఆ హోటల్ గదుల సంగతి చదివిననాడు నేను రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. ఆ తరవాత కొద్ది ఏళ్ళకే అడవిలో ఈ కప్ప కనబడటం ఆగిపోయింది. ఇప్పుడున్నవి పెంపక కేంద్రాల్లోవి, వాటి పిల్లలు. అందుకే మీరు చదివిన రెండు మాటలూ నిజమే.

ఆశ వదలక్కర్లేదు. ఈక్వడార్ జంబాటో అనే నల్లటి అటెలోపస్ 1988 తరవాత కనబడకుండా పోయి 2016లో మళ్ళీ దొరికింది. కొలంబియాలో సియెరా నెవాడ కొండల్లో చుక్కల రాత్రి అని పిలిచే నలుపు తెలుపుల కప్పను శాస్త్రవేత్తలు 2019లో చూడగలిగారు. అక్కడి అరువాకో ప్రజలకు అది ఎప్పుడూ తెలుసు, వాళ్ళ కొండల్లో వాళ్ళు కాపాడుకుంటూనే ఉన్నారు. బోర్నియోలో ఒక రంగురంగుల ఆన్సోనియా 1924 తరవాత ఎవరికీ కనబడలేదు. 2011లో ఇంద్రనీల్ దాస్ గారి బృందం గునుంగ్ పెన్రిసెన్ కొండమీద దాన్ని చెట్టుమీద చూసింది. ఎనభైఏడేళ్ళు.

ప్రశ్న: ఇలాంటి తోకకప్పల్ని ఇంట్లో అక్వేరియంలో పెంచొచ్చా? (హైదరాబాద్)

జవాబు: వద్దు బాబూ. చల్లటి నీరు, ఆగని ఉరవడి, రోజూ కొత్త పాచి పట్టే రాయి ఇంట్లో కుదరవు. పనామాలో వాటికోసమే జీవితం పెట్టినవాళ్ళకే పిల్లల్ని పెంచడం కష్టమైంది. పైగా ఒక వాగు నీళ్ళను ఇంకో వాగులో పారబోయడంతో జబ్బులూ ప్రయాణం చేస్తాయి. వాగులోకి దిగిన చెప్పుల్ని కడిగి, బాగా ఎండబెట్టి గాని ఇంకో వాగులోకి దిగకండి. ఇది చెరువులకూ వర్తిస్తుంది.

పాడేరు టీచరమ్మకు ఇంకో మాట. మీ పిల్లలు ఈసారి రాయి ఎత్తక్కర్లేదు. స్వీటు షాపు డబ్బా ఒకటి చాలు, అడుగున లేబుల్ ఉంటే గీకేయండి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య బాగా కనబడుతుంది. రెండు బారల దూరం కొలిచి, ఎండుటాకు వదిలి, అది దాటడానికి ఎన్ని అంకెలు లెక్కపెట్టారో రాసుకోమనండి, అదే నీటి వేగం. రాతికి ఏ వైపున ఏది ఉందో, తల ఎటు తిరిగి ఉందో బొమ్మ గీయించండి. ఒకవేళ రాయి ఎత్తితే, ఎత్తినచోటే, ఉన్న ముఖం అదే వైపుకు ఉండేలా దించమనండి. ఆ బొమ్మలు నాకు పంపండి, మీ గెడ్డ పేరు, తేదీ రాసి.